పాత టోపో మ్యాపులతో పల్లె శ్మశానాలను, మరుగునపడ్డ ఊళ్లను వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఈ పాత టోపోగ్రాఫిక్ మ్యాపులు ఎందుకు?

ఫోన్‌లోని మ్యాప్ దారి చూపడానికి తయారైంది. ఎవరూ వెళ్లని చోటు దానికి పట్టదు. చెట్లలో మునిగిపోయిన పది సమాధులు అందులో కనిపించే అవకాశం చాలా తక్కువ.

టోపోగ్రాఫిక్ మ్యాప్ సంగతి వేరు. కొండ, వాగు, ఎత్తుపల్లాలతో పాటు వాటి మధ్య మనుషులు కట్టుకున్నవన్నీ అందులో ఉండాలి. సర్వే చేసేవాళ్లు పొలాల్లో, అడవుల్లో తిరుగుతూ చర్చి, బడి, బావి, సమాధులు కనిపిస్తే ఆనవాళ్లుగా రాసుకునేవాళ్లు. షీటు అంచున సర్వే జరిగిన సంవత్సరం కూడా ముద్రిస్తారు. అంటే ఫలానా సంవత్సరంలో ఫలానా చోట ఇది ఉందని ఒక మనిషి చూసి రాసిన సాక్ష్యం మన చేతికి వస్తుంది. వెతికేవాళ్లకు గుర్తు ఎంత ముఖ్యమో, దాని పక్కనున్న ఆ తేదీ అంతకంటే ముఖ్యం.

ఏ దేశానికి ఏ మ్యాపులు చూడాలి? డబ్బు కట్టాలా?

అమెరికా విషయంలో పని చాలా సులువు. అక్కడి భూవిజ్ఞాన సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ 1879లో ఏర్పడింది, 1884 నుంచి టోపోగ్రాఫిక్ మ్యాపులు వేస్తోంది. 1884 నుంచి 2006 వరకు అచ్చయిన షీట్లను స్కాన్ చేసి టోపోవ్యూ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. మ్యాప్ మీద ఒక చోట క్లిక్ చేస్తే ఆ చోటుకు ఉన్న షీట్లన్నీ సంవత్సరాల వారీగా వస్తాయి. ఎక్కువగా వాడేవి రెండు రకాలు: 1:62,500 స్కేల్‌లో (మ్యాప్ మీద ఒక అంగుళం అంటే నేల మీద 62,500 అంగుళాలు) పాతవి, 1:24,000 స్కేల్‌లో తర్వాతివి. రెండో అంకె ఎంత చిన్నదైతే స్కేల్ అంత పెద్దది, వివరం అంత ఎక్కువ.

బ్రిటన్‌లో ఈ పని ఆర్డ్‌నెన్స్ సర్వేది. అది 1791లో మొదలైంది. మైలుకు ఆరంగుళాల మ్యాపులు అంటే 1:10,560, ఇరవై ఐదంగుళాలవి అంటే 1:2,500. ఇంత పెద్ద స్కేల్ ఉంటే చర్చి ఆవరణ ప్రహరీ మలుపులు కూడా తెలుస్తాయి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో పాత షీటును నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి, పైదాన్ని కొంచెం కొంచెంగా మసకబారుస్తూ చూడొచ్చు. ఈ పనికి ఇంతకంటే హాయైన సాధనం నేను చూడలేదు.

భారతదేశానికి 1767 నాటి సర్వే ఆఫ్ ఇండియా ఉంది. పాతవి మైలుకు అంగుళం చొప్పున 1:63,360, తర్వాతివి 1:50,000. 2005 మ్యాప్ విధానం వీటిని రెండు వరసలుగా విడదీసింది: రక్షణ శాఖ అవసరాలకు ఒకటి, జనం వాడుకోవడానికి ఇంకొకటి. షీట్ నంబర్ చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. 56 కె/11 అనే నంబర్ తీసుకుంటే, 56 అనేది నాలుగు డిగ్రీల గడి, కె అందులో ఒక డిగ్రీ గడి, 11 అందులో పదిహేను నిమిషాల గడి.

శ్మశానం గుర్తు ఎలా ఉంటుంది?

యూఎస్‌జీఎస్ షీట్లలో కాస్త పెద్ద శ్మశానమైతే తెగిన గీతతో హద్దు వేసి, లోపల శిలువ గుర్తో, సెమెటరీ (శ్మశానం) అనే మాటకు పొట్టి రూపం సెమ్ అనో పెడతారు. చిన్నదైతే చిన్న గడిలో ఒక శిలువ, అంతే. చర్చికి నల్ల చతురస్రం మీద శిలువ, బడికి చతురస్రం మీద జెండా. కంగారులో చర్చిని, శ్మశానాన్ని ఒకటిగా చదివేసేవాళ్లు చాలామంది. శిలువ కింద నల్లటి భవనం ఉందా లేదా అని జూమ్ చేసి చూడండి.

సర్వే ఆఫ్ ఇండియా సంకేతాల పట్టికలో ఒకే వరసలో గుడి, ఛత్రి (గొడుగు ఆకారపు స్మారక మండపం), చర్చి, మసీదు, ఈద్గా, సమాధి కట్టడం, సమాధులు విడివిడిగా ఉంటాయి. కట్టడం ఉన్న సమాధికి, మామూలు సమాధులకు వేర్వేరు గుర్తులని గమనించండి. ప్రాచీన అవశేషాలకు మరో గుర్తు ఉంది.

ఆర్డ్‌నెన్స్ సర్వే ఇంకో పద్ధతి పాటించింది. ప్రాచీన స్థలాల పేర్లను వేరే అక్షరశైలిలో అచ్చువేసింది. రోమన్ కాలానివి ఒక రకం, మిగతా పాతవి గోథిక్ రకం. కాబట్టి ఆ షీట్లలో అక్షరాల తీరు కూడా గుర్తు కిందే లెక్క.

ఏ షీటైనా దాని కాలం నాటి సంకేతాల పట్టికతోనే చదవాలి. ఈనాటి పట్టిక పట్టుకుని 1890ల షీటు చదివితే పొరపాట్లు తప్పవు.

మ్యాప్‌లో గుర్తు లేదు. అంటే అక్కడ శ్మశానం లేనట్టేనా?

కాదు. ఈ పనిలో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మొదటిది స్కేల్. 1:62,500 షీటులో ఒక మిల్లీమీటరు నేల మీద 62 మీటర్లకు పైనే. ఒక కుటుంబం వాడుకున్న పది మీటర్ల స్థలం అందులో చుక్కంత కూడా రాదు. దాన్ని వేయాలంటే అసలు కొలతకంటే పెద్ద గుర్తు పెట్టాలి. ఆ పక్కనే రోడ్డు, ఇల్లు, వాగు ఉంటే గుర్తుకు చోటు ఉండదు. అప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో మ్యాప్ గీసేవాళ్లు తేల్చేవాళ్లు.

రెండోది, సర్వేయర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. రాళ్లు లేని సమాధులు, కర్ర గుర్తులు కుళ్లిపోయినవి, దున్నేసినవి బయటివాడి కంటికి ఆనవు.

మూడోది అన్నిటికంటే బరువైనది. ఎవరి సమాధులను లెక్కలోకి తీసుకున్నారు అన్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలుగా బతికి చనిపోయినవాళ్ల ఖనన స్థలాలు చాలావరకు ఏ షీటులోనూ లేవు. తోట యజమాని కుటుంబ సమాధులకు గుర్తు ఉంటుంది, కొంచెం అవతల అంచున ఉన్నవాటికి ఉండదు. ఇలాంటి స్థలాలను గుర్తించి కాపాడటానికి అక్కడ 2022 డిసెంబరులో సమాఖ్య ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఐర్లండ్‌లో ఉంది. బాప్తిస్మం ఇవ్వకముందే చనిపోయిన పసిపిల్లలకు చర్చి నేలలో చోటు ఇచ్చేవాళ్లు కాదు. తల్లిదండ్రులు వాళ్లను పాత కోట దిబ్బల్లో, పొలం హద్దుల్లో, పాడుబడ్డ చర్చిల పక్కన పూడ్చేవాళ్లు. చర్చి రికార్డుల్లో ఈ పిల్లల జాడ దొరకడం కష్టం. కానీ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన ఆరంగుళాల మ్యాపుల్లో ‘పిల్లల ఖనన స్థలం’ అనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. స్థానికులు చెప్పారు, సర్వేయర్లు రాశారు. రికార్డు మౌనంగా ఉన్నచోట మ్యాప్ మాట్లాడింది.

వేర్వేరు సంవత్సరాల షీట్లు పక్కపక్కన పెట్టి ఎలా చదవాలి?

ఒక్క షీటు చూసి ఆపేస్తే సగం విషయమే తెలుస్తుంది. ఒకే చోటుకు దొరికినన్ని షీట్లు దింపుకోండి. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే పెద్ద స్కేల్ ఉన్నది తప్పకుండా ఉండాలి. ముందు పాతదాన్ని చదవండి. కొత్తది ముందు చూస్తే కళ్లు దానికే అలవాటు పడతాయి, పాతదానిలో తేడా కనిపించదు.

చూడాల్సింది మూడు రకాల మార్పులు: పోయినవి, కొత్తగా వచ్చినవి, పేరు మారినవి. ఉదాహరణకు పాత షీటులో దారి కలిసేచోట ఒక చర్చి, ఒక బడి, ఏడెనిమిది ఇళ్లు ఉన్నాయనుకుందాం. తర్వాతి షీటులో బడి లేదు, ఇళ్లు రెండే మిగిలాయి. ఆ తర్వాతిదానిలో చర్చి కూడా లేదు, అడవి పచ్చరంగు కమ్మేసింది, దారి తెగిన గీతగా మారింది, కానీ చిన్న శిలువ గడి మాత్రం ఇంకా ఉంది. ఊరు ఖాళీ అయిన క్రమం మొత్తం అక్కడే ఉంది. శ్మశానం గుర్తు కూడా మాయమైతే దాని ముందటి షీటే మీకు ఆధారం.

యూఎస్‌జీఎస్ 1:24,000 షీట్లలో కొన్నిచోట్ల ఊదారంగు కనిపిస్తుంది. విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి తర్వాత చేర్చిన మార్పులవి, నేల మీదికి వెళ్లి సరిచూసినవి కావు. ఒకే కాగితం మీద రెండు కాలాలు విడివిడిగా కనిపించడం వల్ల వెతికేవాడికి ఇది వరమే. ఊదా గీతల కొత్త రోడ్డు నల్ల గుర్తుల పాత శ్మశానాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంటే, అక్కడ ఏం జరిగిందో వాకబు చేయాల్సిందే.

2009 నుంచి వస్తున్న యూఎస్ టోపో షీట్లు కంప్యూటర్ డేటాబేస్‌ల నుంచి నేరుగా తయారవుతున్నాయి, సర్వేయర్ ఊరూరా తిరిగి చూసినవి కావు. రోడ్ల పేర్లకు బాగుంటాయి. పాత సంగతుల కోసం మాత్రం వాటి మీద ఆధారపడొద్దు.

కాంటూరు గీతలు శ్మశానం వెతకడానికి పనికొస్తాయా?

బాగా. గోధుమరంగులో మెలికలు తిరిగే ఆ గీతలు ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతాయి. గీతలు దగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే చదును.

సమాధికి మనుషులు ఎంచుకునే నేలలో ఒక లెక్క ఉంటుంది. వరద రాకూడదు, నీరు నిలవకూడదు, తవ్వడానికి మట్టి ఉండాలి, మంచి సాగు భూమి పోకూడదు. అందుకే అమెరికా కొండ ప్రాంతాల్లో కుటుంబ శ్మశానాలు ఎక్కువగా ఇంటికి పైన, గట్టు కొసన, చిన్న చదునులో కనిపిస్తాయి. పాత షీటులో ఇంటి నల్ల చుక్క దొరికితే దాని చుట్టూ కాంటూరు గీతలు విడిపోయిన ఎత్తు చోట్లు ఎక్కడున్నాయో చూడండి. వెతకాల్సిన స్థలం బాగా తగ్గుతుంది.

ఇప్పుడు లైడార్ కూడా ఉంది. విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తులు కొలిచి, చెట్లను తీసేసినట్టుగా నేలను చూపించే పద్ధతి. యూఎస్‌జీఎస్ ఈ డేటాను త్రీడెప్ అనే కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తోంది. మూతపడ్డ బండి దారులు, పునాదులు, గట్లు, ప్రహరీలు ఇందులో చక్కగా తేలతాయి. ఒక్కో సమాధి గుంట కనిపించాలంటే డేటా చాలా చిక్కగా ఉండాలి. ఒక మీటరు గడుల చిత్రంలో అది ఆశించొద్దు.

మ్యాప్‌లో కొలిచిన అక్షాంశ రేఖాంశాలతో వెళ్తే అక్కడ ఏమీ లేదు. ఎందుకు?

చాలాసార్లు కారణం డేటమ్. భూమి ఆకారానికి ఏ లెక్క వాడి గడులు గీశారన్నదే డేటమ్. అమెరికా పాత షీట్లు చాలావరకు 1927 నాటి డేటమ్ మీద ఉంటాయి, మీ ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే డేటమ్ వాడుతుంది. ఒకే అంకెలు రెండింటిలో రెండు చోట్లను చూపుతాయి. అమెరికా ప్రధాన భూభాగంలో ఈ తేడా ప్రాంతాన్ని బట్టి పదుల మీటర్ల నుంచి వంద మీటర్ల వరకు ఉంటుంది. భారత పాత షీట్లు ఎవరెస్ట్ అనే ఇంకో డేటమ్ లెక్క మీద గీసినవి, అక్కడ తేడా వంద మీటర్లు దాటవచ్చు. పొదల్లో వంద మీటర్లంటే మాటలు కాదు.

మార్చుకోవడం కష్టమేమీ కాదు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్కాన్‌ను తెరిచి, షీటు మూలల్లో ముద్రించిన అక్షాంశ రేఖాంశాలనే ఆధారంగా ఇచ్చి, షీటు అంచున రాసి ఉన్న డేటమ్‌ను ఎంచుకుంటే మిగతా పని అదే చేస్తుంది. రోడ్డు మలుపులను ఆధారంగా తీసుకోవద్దు, రోడ్లు జరుగుతుంటాయి.

డేటమ్ సరిచేసినా కొంత తేడా మిగులుతుంది. 1:24,000 షీటులో స్పష్టమైన బిందువుల్లో 90 శాతం అసలు చోటుకు 40 అడుగుల లోపల ఉండాలన్నది అమెరికా 1947 ప్రమాణం. మిగిలిన పది శాతంలో మీ శ్మశానం ఉండొచ్చు.

దిక్సూచి వాడేవాళ్లు షీటు అంచున ఉన్న అయస్కాంత ఉత్తరం కోణం పాతదని గుర్తుంచుకోవాలి. అది ఏళ్ల తరబడి మారుతూ ఉంటుంది.

డ్యామ్ కట్టాక మునిగిపోయిన ఊళ్ల సమాధులు ఏమయ్యాయో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఇలాంటి చోట్ల కాగితాలు మామూలుకంటే ఎక్కువే ఉంటాయి, ఎందుకంటే ప్రభుత్వం ఒక్కో సమాధినీ లెక్కపెట్టాల్సి వచ్చింది. టెన్నెస్సీలో 1933-36 మధ్య నోరిస్ డ్యామ్ కట్టినప్పుడు 5,000కు పైగా సమాధులను తరలించారు. మసాచుసెట్స్‌లో క్వాబిన్ జలాశయం కోసం డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్లను 1938లో అధికారికంగా రద్దు చేశారు. అక్కడి 7,500కు పైగా సమాధుల్లోని అవశేషాలను తీసి, ఎక్కువ భాగం కొత్తగా ఏర్పాటు చేసిన క్వాబిన్ పార్క్ శ్మశానానికి చేర్చారు. డ్యామ్‌కు ముందటి షీటులో ఊరి శ్మశానం ఎక్కడుందో చూసి, తర్వాతి షీటులో కొత్త శ్మశానం ఎక్కడ వచ్చిందో పోల్చి, ఆపైన తరలింపు రికార్డులు అడగాలి. వంశవృక్షం వేసేవాళ్లు ఈ మెట్టు దాటేసి, పుట్టి చనిపోయిన ఊరికి, సమాధి ఉన్న ఊరికి పొంతన కుదరక టెన్షన్ పడుతుంటారు.

మునగని సమాధులకూ చిక్కులొస్తాయి. నార్త్ కరోలినాలో 1940లలో ఫోంటానా జలాశయం నిండినప్పుడు ఉత్తర ఒడ్డున శ్మశానాలు ఒడ్డునే ఉండిపోయాయి, వాటికి వెళ్లే రోడ్డు మునిగింది. కొత్త రోడ్డు వేస్తామని 1943లో ఒప్పందం చేసుకున్నారు. కొన్ని మైళ్లు వేసి, ఒక సొరంగం దగ్గర ఆపేశారు. చివరికి 2010లో రోడ్డుకు బదులు అక్కడి కౌంటీకి (జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వానికి) 5.2 కోట్ల డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. ఆ కుటుంబాలవాళ్లు సమాధులకు పూలు పెట్టే రోజుల్లో ఇప్పటికీ నేషనల్ పార్క్ సర్వీస్ పడవల్లో నీళ్లు దాటి వెళ్తారు. పాత షీటు, కొత్త షీటు పక్కన పెడితే ఈ తగువంతా ఒక్క చూపులో అర్థమవుతుంది.

శ్మశానాలు కాక ఇంకా ఏం దొరుకుతాయి?

బడి జెండాలు, వాగు మీద మిల్లులు, రేవులు, గనుల నోళ్లు, తీసేసిన రైలు కట్టలు. సర్వే ఆఫ్ ఇండియా పట్టికలోనైతే జనం ఉన్న ఊరికి, పాడుబడ్డ ఊరికి వేర్వేరు గుర్తులు ఉన్నాయి. కోటకు ఒకటి, రాతికట్టు బావికి ఒకటి, కట్టు లేని బావికి ఒకటి. పాడుబడ్డ ఊరి గుర్తు, దాని పక్కన బావి, కొంచెం దూరంలో సమాధుల గుర్తు ఒకే షీటులో దొరికితే అక్కడికి తప్పకుండా వెళ్లి చూడాలి.

ఊళ్ల పేర్లను, వాగుల పేర్లను కూడా వదలొద్దు. చర్చి పడిపోయినా దాని పేరు పెట్టుకున్న కొండ మిగులుతుంది.

మ్యాప్‌లో ఒక పేరు, ఊళ్లోవాళ్లు చెప్పేది ఇంకో పేరు. ఏది రాసుకోవాలి?

రెండూ. ఎవరు చెప్పారు, ఏ సంవత్సరం షీటు అనేవి పక్కన రాయండి. అమెరికాలో 1890 నుంచి పేర్లు ఖరారు చేసే బోర్డు ఉంది, అయినా కుటుంబ శ్మశానాలను ఊరు పిలిచేది భూమి యజమాని పేరుతోనే. యజమాని మారితే పేరూ మారుతుంది.

నేల మీదికి వెళ్లాక ఏం చూడాలి?

చెక్కిన రాళ్ల కోసమే చూడకండి. పొలంలో దొరికే మామూలు రాయిని తలవైపు ఒకటి, కాళ్లవైపు ఒకటి నిలిపిన సమాధులు చాలా ఉంటాయి. మనిషి పొడవు గుంటలు వరసగా, ఒకే దిక్కుకు ఉన్నాయా చూడండి. క్రైస్తవ సమాధులు ఎక్కువగా తూర్పు పడమరలుగా ఉంటాయి. అమెరికా పల్లెల్లో వింకా తీగ నేలంతా పరుచుకుని ఉన్నా, అడవి మధ్యలో యుక్కా మొక్కలో, డాఫోడిల్ పూలో, ముసలి సెడార్ చెట్లో గుంపుగా కనిపించినా ఆగండి. అవి ఎవరో నాటినవి. అదే బ్రిటన్‌లో అయితే యూ చెట్టు. తీగలు ఎండి, గడ్డి అణిగి, వాలుగా ఎండ పడే చలికాలపు ఉదయాలు ఈ పనికి మంచివి.

అనుమానం తీర్చుకోవడానికి తవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. నేలలోకి రాడార్ తరంగాలు పంపి చూసే పద్ధతి ఉంది, దాన్ని పురావస్తు నిపుణులతో చేయించాలి.

శ్మశానం ప్రైవేటు భూమిలో ఉంది. వెళ్లొచ్చా?

ముందు అడగాలి. మ్యాప్‌లో గుర్తు ఉంటే అది అనుమతి కాదు. వర్జీనియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ప్రైవేటు భూమి మధ్యలో ఉన్న శ్మశానానికి వెళ్లిరావడానికి చట్టం దారి ఇస్తుంది. అక్కడ కూడా తగిన వేళ, ముందుగా చెప్పి వెళ్లడమే పద్ధతి. రైతు ఒప్పుకుంటే లాభం రెండింతలు. షీటులో లేని సంగతులు ఆయనకే తెలుస్తాయి.

రాతి మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఎలా చదవాలి?

పక్క నుంచి వెలుతురు వేయండి. అద్దంతో ఎండను రాతి మీదికి ఏటవాలుగా మళ్లిస్తే చెరిగిన అక్షరాలు నీడలుగా లేస్తాయి. టార్చితోనూ అంతే. షేవింగ్ క్రీము, సుద్దపొడి, బ్లీచ్, ఇనుప బ్రష్ వద్దే వద్దు. ఇంటర్నెట్‌లో ఎవరో చేసి చూపించారని చేస్తే వందేళ్లు నిలిచిన అక్షరం ఒక్క పూటలో పోతుంది.

దొరికిన చోటును అందరికీ తెలిసేలా పెట్టొచ్చా?

ఊరు వాడుకుంటున్న శ్మశానమైతే ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్ గ్రేవ్స్ లాంటి సమాధుల వివరాల వెబ్‌సైట్లలో పెట్టడంలో తప్పులేదు. కాపలా లేని ప్రాచీన సమాధులైతే కచ్చితమైన లొకేషన్ బయట పెట్టొద్దని నా సలహా. గుప్తనిధుల కోసం, పాత వస్తువుల కోసం తవ్వేవాళ్లు కూడా ఇవే పేజీలు చదువుతారు. పురావస్తు శాఖకు, లేదా అక్కడి వారసత్వ సంస్థకు చెప్పండి. టెక్సస్‌లో అయితే 1998 నుంచి చారిత్రక శ్మశానంగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉంది. నమోదైతే భూమి చేతులు మారినా కొన్నవాడికి తెలుస్తుంది.

అక్కడ ఎవరు ఉన్నారో మ్యాప్ చెప్తుందా?

చెప్పదు. చోటు వరకే దాని పని. అక్కడి నుంచి భూమి రిజిస్ట్రేషన్ కాగితాల్లోకి వెళ్లాలి. పాత అమ్మకపు దస్తావేజుల్లో పొలమంతా అమ్ముతూ, సమాధులున్న అర ఎకరం మాత్రం మినహాయించుకున్నట్టు రాసిన వాక్యాలు దొరుకుతాయి. హద్దులు, అమ్మినవాళ్ల పేర్లు అందులోనే ఉంటాయి. ఆ పేర్లతో జనాభా లెక్కలు, చర్చి పుస్తకాలు వెతకడం సులువు. వెతికేటప్పుడు షీటు పేరు, స్కేల్, సర్వే సంవత్సరం, అచ్చయిన సంవత్సరం, డేటమ్ అన్నీ నోట్ చేసుకోండి. సర్వే సంవత్సరానికి, అచ్చయిన సంవత్సరానికి మధ్య ఏళ్ల తేడా ఉండొచ్చు. దస్తావేజు తేదీని సర్వే సంవత్సరంతో పోల్చాలి, అచ్చయినదానితో కాదు.